బత్తాయి తోటకు 24 హెచ్‌పీ మినీ ట్రాక్టర్ సరిపోతదా, 45 హెచ్‌పీది కావాల్నా?

చెలక_రైతు
నల్లగొండ జిల్లా గుర్రంపోడు దిక్కు 9 ఎకరాలు. 5 ఎకరాలు బత్తాయి, 20×20 అడుగుల అచ్చు (చెట్టుకు చెట్టుకు ఎడం), చెట్లకు పదేండ్లు, డ్రిప్పు ఉంది. 3 ఎకరాలు పత్తి, 90 సెంటీమీటర్ల సాళ్లు. ఎకరం వరి, బోరు కింద. ఎర్రచెలక, అక్కడక్కడ మొరం. కొనేది ఒక్కటే బండి. 24-28 హెచ్‌పీ ఫోర్‌వీల్ డ్రైవ్ మినీ ట్రాక్టరా, 45 హెచ్‌పీ టూవీల్ డ్రైవ్ పెద్దదా? కంపెనీల కొట్లాట వద్దు, పని లెక్క చెప్పుండ్రి.

పాలమూరు_పత్తి
45 తీసుకో అన్నా. గంట లెక్కనే చూడు. 6 అడుగుల రోటావేటర్ (బ్లేడ్లు తిరిగి మట్టిని పొడి చేసే మిషన్) గంటకు 3 కిలోమీటర్ల నడకతో, మలుపులు పోను, ఎకరం పైన కొడ్తది. 4 అడుగులది అదే నడకతో 28, 29 గుంటలు (ఎకరానికి 40 గుంటలు) దాటది. పత్తి ఏరుడు అయినంక కట్టె ముక్కలు చేసే ష్రెడ్డర్ మినీకి తగిలిస్తే రెండు సాళ్లకే ఇంజన్ గొంతు పడిపోతది. ఎండకాలం రెండు నాగళ్లతోని మట్టి తిరగేసే పల్టీ దుక్కి అసలే కాదు. ట్రాలీల పెంట తోలుడు, వడ్లు తోలుడు, కిరాయి, అన్నీ పెద్ద బండికే. మినీకి కిరాయి ఎవడిస్తడు?

తోట_పని
గుంటల లెక్క కరెక్టే. కానీ ఆ బండి తోటలకు ఎట్ల పోతది? 20 అడుగుల అచ్చుల పదేండ్ల చెట్టు గొడుగు 14, 15 అడుగులు పరుచుకుంటది. రెండు వరసల నడుమ మిగిలేది 5, 6 అడుగులు. పెద్ద బండి వెనుక టైరు బయటి అంచు నుంచి ఇంకో అంచుకు దగ్గర దగ్గర 6 అడుగులు. మడ్‌గార్డు కొమ్మలను ఈడ్చుకుంట పోతది. పిందె మీద ఉన్నప్పుడు ఒక్కసారి తిరిగితే రాలింది ఏరుకునుడే. నిలువు సైలెన్సర్ అయితే పైకొమ్మ ఆకు మాడుతది కూడా.

ఇంకోటి, బత్తాయి పీచు వేర్లు ఎక్కువ శాతం పై అడుగు లోతులనే ఉంటయి. పెద్ద రోటావేటర్‌ను చెట్టు గొడుగు కిందికి దూర్చి 5, 6 అంగుళాలు తిప్పితే ఆ వేర్లు తెగుతయి. తెగిన గాయంల నుంచే ఎండు వేరుకుళ్లు ఎక్కుతది. నల్లగొండ తోటలల్ల చెట్లు ఎండిపోయినప్పుడు మందు పోసుడు మీద ఉన్న ధ్యాస దుక్కి లోతు మీద ఉండదు. గొడుగు బయట 3, 4 అంగుళాలు చాలు. గొడుగు కింద గడ్డి కోసుడే, దున్నుడు లేదు. ఆ పనికి 4 అడుగుల మిషనే సరైన సైజు.

పాలమూరు_పత్తి
సరే, తోటల పోదు, ఒప్పుకున్న. మరి 3 ఎకరాల పత్తి, ఎకరం వరి?

యంత్ర_లెక్క
ఇంజన్ హెచ్‌పీ అనే ఒక్క అంకె పట్టుకుని వాదిస్తే ఎటూ తేలదు. మూడు అంకెలు చూడాలి: పీటీఓ (వెనుక మిషన్లను తిప్పే షాఫ్టు) దగ్గర వచ్చే శక్తి, బండి బరువు, లిఫ్టు (వెనుక మిషన్‌ను ఎన్ని కిలోల దాకా లేపుతుంది).

24 హెచ్‌పీ ఇంజన్ నుంచి పీటీఓ దగ్గరికి వచ్చేది మోడల్‌ను బట్టి 17 నుంచి 22 దాకా. ఎండు చెలకలో 4 అంగుళాల లోతుకు 4 అడుగుల రోటావేటర్ దాదాపు దీనంతటినీ తినేస్తుంది. అంటే ఈ బండికి 4 అడుగులే హద్దు. డీలరు ‘5 అడుగులది కూడా లాగుతది’ అంటే దుబ్బ నేలలో, వాన పడ్డాక లాగుతుందేమో, మొరంలో లాగదు. రోటావేటర్ పనిలో డీజిల్ గంటకు మూడున్నర నుంచి నాలుగున్నర లీటర్ల దాకా పోతుంది. ‘గంటకు లీటరున్నర’ అన్నది ఖాళీగా తిరిగే బండి మాట.

ఇక లిఫ్టు. కుబోటా బీ2441, మహీంద్రా జీవో 245 రెండిట్లోనూ 750 కిలోలు. జాన్ డీర్ 3028 ఈఎన్‌లో 910. ఈ అంకెలు మిషన్ తగిలించే లింకుల చివర తూచినవి. మిషన్ బరువు అక్కడ ఉండదు, ఇంకా రెండడుగులు వెనక్కి ఉంటుంది. వెనక్కి పోయేకొద్దీ లేపే శక్తి తగ్గుతుంది. అంతకన్నా ముందే ఇంకో చిక్కు వస్తుంది: ముందు చక్రాలు లేస్తాయి.

ఉదాహరణకు 800 కిలోల మినీ, ముందు ఇరుసు మీద 320 కిలోలు, చక్రాల మధ్య దూరం 1.5 మీటర్లు అనుకోండి. 270 కిలోల రోటావేటర్, దాని బరువు వెనుక ఇరుసుకు 1.1 మీటర్ల వెనుక. 270×1.1 అంటే 297, దాన్ని 1.5తో భాగిస్తే 198. ముందు ఇరుసు మీద మిగిలేది 122 కిలోలు. స్టీరింగ్ పట్టు ఉండాలంటే బండి సొంత బరువులో కనీసం 20 శాతం, అంటే 160 అక్కడ ఉండాలి. దాదాపు 40 కిలోలు తక్కువ. ముందు రెండు 20 కిలోల ఇనుప బరువు బిళ్లలు వేస్తే సరిగ్గా సరిపోతుంది, గట్టు ఎక్కేటప్పుడు అదీ చాలదు. అందుకని మూడు వేయించుకోండి.

చెలక_రైతు
మందు కొట్టే మిషన్ కూడా వెనుక లేపేదే అడుగుతున్నరు, 400 లీటర్ల ట్యాంకు. 750 లేపే బండికి 400 ఏం లెక్క అంటున్నడు షాపాయన.

యంత్ర_లెక్క
పైన వేసిన లెక్కలో పెట్టి చూడండి. 400 లీటర్ల నీళ్లంటే 400 కిలోలు, ఫ్యాను, పంపు, ఫ్రేమ్ కలిపి మరో 150. మొత్తం 550. బరువు మధ్య ఇరుసుకు 0.9 మీటర్ల వెనుక ఉన్నా 330 కిలోలు ముందు నుంచి లాగేస్తుంది. ముందు ఉన్నది 320. ట్యాంకు నింపి లివర్ లేపగానే ముందు టైర్లు గాలిలో ఉంటాయి. లిఫ్టు పని చేస్తుంది, బండి పని చేయదు.

చక్రాల మీద లాగే మిషన్ తీసుకుంటే 500, 600 లీటర్లయినా ఇబ్బంది లేదు. అయితే తోట చివర మలుపుకు జాగా కావాలి. వరస చివరి చెట్టు నుంచి కంచెకు 15 అడుగులు లేకపోతే వెనక్కి ముందుకు ఆడించడమే సరిపోతుంది. జాగా లేని తోటలో 200 లీటర్ల లేపే రకం, ముందు బిళ్లలతో.

తోట_పని
అవును, చాలా తోటలల్ల చివరి చెట్టు గెట్టు మీదనే పెడ్తరు. కొనేముందు టేపు పట్టుకుని కొలుచుకో తమ్మీ.

మిస్త్రీ_మిర్యాలగూడ
మీరు లెక్కలు వేస్తున్నరు, షెడ్డుకు వచ్చేవి వేరే ఉంటయి.

ఒకటి, పీటీఓ షాఫ్టు. పాత పెద్ద రోటావేటర్ షాఫ్టు ఉంది గదా అని మినీకి తగిలిస్తరు. మినీల బండికీ మిషన్‌కూ దూరం తక్కువ. లేపినప్పుడు లోపలి పైపు పోయి బయటి పైపు అడుగుకు గుద్దుకుంటది. అటు పీటీఓ బేరింగు, హౌసింగు పగుల్తది, ఇటు రోటావేటర్ పినియన్ సీలు పోతది. తగిలించే ముందు మిషన్‌ను అన్ని ఎత్తులల్ల లేపి దింపి చూడాలె. రెండు జాయింట్లు దగ్గరికి వచ్చిన చోట ఇంకా 3, 4 సెంటీమీటర్లు ఖాళీ ఉండాలె. లేకపోతే రెండు పైపులూ సమానంగ కోసుకోవాలె, కోసిన అంచు గరుకును రాకి తీయాలె. దూరం పోయిన చోట పైపు మూడో వంతన్నా లోపల ఉండాలె. షాఫ్టు రెండు చివర్ల జాయింట్ల కొమ్ములు ఒకే వరసల ఉండాలె, తిప్పి పెడితే గడగడ కొట్టి క్రాసులు పోతయి.

రెండు, మినీలల్ల పీటీఓ లివర్‌కు రెండు స్పీడులు ఉంటయి. 540 పక్కన కొన్నిట్ల 750, కొన్నిట్ల 900 పైన. రోటావేటర్‌ను పొరపాటున పై స్పీడుల తిప్పితే మట్టి పిండి అయితది, బ్లేడు బోల్టులు వదులైతయి, గేర్ బాక్సు మరుగుతది. పై స్పీడు తేలిక మిషన్లకే.

మూడు, డ్రిప్పు పైపు. లేటరల్‌ను జరపకుంట పోతే రోటర్‌కు చుట్టుకుని సీలు కిందికి దూరుతది. నూనె కారుడు కనవడే సరికి బేరింగు పోయి ఉంటది. పది గంటలకొకసారి సైడు కవర్ పక్కన చుట్టుకున్న దారం, గడ్డి, పైపు ముక్కలు కోసి తీయాలె. గేర్ బాక్సుల 90 నంబరు నూనె, మట్టం ప్లగ్గు వరకే.

నాలుగు, ఫోర్‌వీల్ లివర్ వేసుకుని తారు రోడ్డు మీద పోవుడు. ముందు చక్రాలు కొంచెం ఎక్కువ తిరిగేటట్టే కంపెనీ చేస్తది. మట్టిల జారి సర్దుకుంటది, తారు మీద ఆ తేడా గేర్ల మీద పడ్తది. ముందు టైర్లు అరిగినయని వేరే సైజు వేస్తే కూడ ఇదే కథ.

పాలమూరు_పత్తి
నా వరి ప్రశ్న ఇంకా గాలిలనే ఉంది.

మిస్త్రీ_మిర్యాలగూడ
చెప్తున్న. కరిగెటకు (వరి మడిల బురద దున్నుడుకు) మినీ బాగనే నడుస్తది, బరువు తక్కువ కాబట్టి దిగబడదు, ఇనుప చక్రాలు దాని సైజువే వేయాలె. అయితే ముందు ఇరుసు బురదల మునుగుతది. ముందు హబ్బు సీళ్లు చూసుకోకపోతే నీళ్లు పోయి నూనె పాల లెక్క తెల్లగైతది. వరి పని అయిపోంగనే ముందు ఇరుసు నూనె ప్లగ్గు విప్పి చూడాలె. తెల్లగుంటే మార్చుడే, వచ్చే సీజన్ దాకా పెట్టొద్దు. ఎకరం వరి కోసం పెద్ద బండి కొనుడు మాత్రం నాకు సమజ్ కాదు, రెండు గంటల కిరాయి పని అది.

యంత్ర_లెక్క
పత్తి సంగతి. 90 సెంటీమీటర్ల సాళ్లలో అంతరకృషికి (సాళ్ల మధ్య కలుపు తీసే దుక్కికి) మినీ రెండు విధాలుగా పోతుంది. వెనుక టైర్ల మధ్య దూరం, మధ్య నుంచి మధ్యకు, 90 సెంటీమీటర్లకు సర్దగలిగితే ఒక సాలును కడుపు కింద పెట్టుకుని పోవచ్చు. మొక్క బండి కింది ఎత్తు దాటనంత వరకే, సుమారు నలభై రోజులు. ఆ తర్వాత పూత కొమ్మలు విరుగుతాయి. రెండోది, బండి మొత్తం వెడల్పు సాలులో పట్టేంత సన్నగా ఉండాలి, అవి 11 నుంచి 20 హెచ్‌పీ రకాలు. 24, 28 హెచ్‌పీ ఫోర్‌వీల్ బండ్లు చాలావరకు మీటరు పైనే ఉంటాయి. కాబట్టి మీకు మొదటి పద్ధతే. రిమ్ములు తిప్పి బిగిస్తే ఎంత దూరం వస్తుందో షోరూంలోనే కొలిపించుకోండి, బ్రోచర్‌లో రాసేది ఒక్కోసారి బయటి వెడల్పు.

వెనుక 9 పలుగుల కల్టివేటర్ పనికిరాదు, 5 పలుగులది చాలు, అందులో నడిమి పలుగు తీసేయాలి. లేకపోతే కడుపు కింద దాటిన మొక్కను అదే పీకుతుంది.

పాలమూరు_పత్తి
ట్రాలీ?

తోట_పని
టన్నున్నర, దిబ్బలు లేని బాటల రెండు. నువ్వు అనుకునే నాలుగు టన్నుల ట్రాలీని అది లాగొచ్చు, ఆపలేదు. దిగువల ట్రాలీయే బండిని నూకుతది.

పాలమూరు_పత్తి
గది నిజమే. అయితే పత్తికట్టె, పల్టీ దుక్కి, పెంట తోలుడు మూడూ కిరాయే అన్నట్టు. ఏడాదికి అన్ని కలిపి ఎన్ని గంటలు అయితదో రాసుకుని, ఆ డబ్బు మినీ మీద మిగిలేదానికన్నా ఎక్కువ వస్తే నా మాటే నిలుస్తది. బత్తాయి లేకపోతే నేను ఇప్పటికీ 45 అనే అంట.

చెలక_రైతు
5 ఎకరాల తోట ఉంది కాబట్టి మినీ వైపే తేలుతున్న. షోరూంకు పోయినప్పుడు అడిగేటివి ఏంది?

యంత్ర_లెక్క
క్లచ్ ముందు. ఒక్క క్లచ్ ఉన్న బండిలో పెడల్ తొక్కితే నడకా, పీటీఓ రెండూ ఆగుతాయి. చెట్టు దగ్గర ఆపి మందు కొట్టాలంటే కుదరదు. డబుల్ క్లచ్ గానీ విడి పీటీఓ క్లచ్ గానీ ఉండాలి. తర్వాత, లిఫ్టులో ఎత్తు పట్టుకునే లివర్ ఒక్కటేనా, లాగుడు బట్టి తనే సర్దుకునేది కూడా ఉందా అడగండి. రోటావేటర్‌కు మొదటిది చాలు. కల్టివేటర్ మొరంలో పోయేటప్పుడు రెండోది లేకపోతే గట్టి చోట ఇంజన్ నలుగుతుంది. మిషన్ తగిలించే కొక్కేలు కూడా చూడండి. మినీల్లో సాధారణంగా ఒకటో రకం, కింది పిన్ను 22 మిల్లీమీటర్లు, పైది 19. పెద్ద బండి మిషన్లు రెండో రకం, 28, 25. బుష్షు వేసి పిన్ను సరిచేయొచ్చు కానీ రెండు చేతుల మధ్య దూరం సరిపోదు, ఒక పక్క లాగుతుంది. పాత మిషన్ వాడదాం అనుకుంటే ఇక్కడే ఆగిపోతారు.

కొటేషన్‌లో జీఎస్‌టీ 5 శాతం ఉందో లేదో చూడండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 పోయి 5 అయింది, పాత కాగితం చూపిస్తే ఒప్పుకోవద్దు.

మిస్త్రీ_మిర్యాలగూడ
సైలెన్సర్ కిందికి మల్చినది అడుగు, వెనుక రోల్ బారు (బండి బోల్తా పడితే కాపాడే కమ్మీ) మడిచేది అడుగు. రేడియేటర్ ముందు జాలి చేతితోనే ఊడి వచ్చేటట్టు ఉండాలె. పత్తి దూది, గడ్డి గింజలు దానికే అతుక్కుంటయి, పాన పెట్టి విప్పేది అయితే ఎవరూ తీయరు, ఇంజన్ కాగుతది. ఇంకా 50 గంటల సర్వీసుల ముందు ఇరుసు నూనె కూడ మారుస్తరా అని అడుగు. ఇంజన్ నూనె ఒక్కటే మార్చి పంపితే ఒప్పుకోకు.

చెలక_రైతు
తోట కొలిచిన. చివరి చెట్టు నుంచి కంచెకు 11 అడుగులే ఉంది.

తోట_పని
అయితే లాగే ట్యాంకు మర్చిపో. 200 లీటర్ల లేపేది, ముందు మూడు బిళ్లలు. తోట నడుమ డ్రిప్పు మెయిన్ దగ్గర నీళ్లు నింపుకునే వాల్వు ఒకటి పెట్టించు, లేకపోతే నింపుకునే తిరుగుడుకే పొద్దు గడుస్తది.