సీఎస్ఈనా, ఈసీఈనా? మూడు సీట్లలో ఏది తీసుకోవాలి?

ప్రశ్న (గుంటూరు నుంచి ఒక తండ్రి)

అందరికీ నమస్కారం. మా అమ్మాయికి ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ కౌన్సెలింగులో, కన్వీనర్ కోటాలో, విజయవాడ పక్కన కానూరులోని ఒక అటానమస్ కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) వచ్చింది. గుంటూరు పక్కనే ఉన్న ఒక కొత్త కాలేజీ వాళ్లు మేనేజ్‌మెంట్ కోటాలో సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) ఏఐ-ఎంఎల్, అంటే కృత్రిమ మేధ బ్రాంచి, ఇస్తామంటున్నారు. ఒక డీమ్డ్ యూనివర్సిటీ సొంత పరీక్షలో సీఎస్ఈ కూడా వచ్చింది. అక్కడ హాస్టల్‌తో కలిపి ఏడాదికి మూడు లక్షల పైమాటే. నాది కొత్తపేటలో మందుల షాపు. పిల్ల కోసం అప్పు చేయడానికి వెనుకాడను. బంధువులంతా "సీఎస్ఈ వదిలేసి ఈసీఈ ఏంటి" అంటున్నారు. అమ్మాయేమో నోరు విప్పదు. పదో తరగతి సెలవుల్లో, ట్యాంకు నిండగానే మోటారు దానంతటదే ఆగేలా ఏదో సెన్సర్ బిగించింది. ఇప్పటికీ అదే నడుస్తోంది. రిపోర్ట్ చేయడానికి నాలుగు రోజులే ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (విజయవాడ, పటమట)

అన్నగారూ, మీరు రాసినదాంట్లో నాకు ముందు కనిపించింది ఆ సెన్సరే. రెండేళ్లుగా ఇంట్లో పనిచేస్తున్న వస్తువు చేసిన పిల్లకి ఈసీఈ ఎందుకు వద్దంటున్నారు? నేను ఈసీఈ చదివి పదకొండేళ్లుగా చిప్ వెరిఫికేషన్‌లో, అంటే చిప్ డిజైన్‌లో తప్పులు పట్టే పనిలో, ఉన్నాను. మా క్లాసులో సగం మంది సాఫ్ట్‌వేర్‌కే వెళ్లారు. పెద్ద ఐటీ కంపెనీలు చాలావరకు బ్రాంచి కంటే మార్కులు, బ్యాక్‌లాగులు, కోడింగ్ పరీక్ష చూస్తాయి. కావాలనుకుంటే ఈసీఈ వాళ్లు ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌లో సీఎస్ (కంప్యూటర్ సైన్స్) పేపరు కూడా రాయొచ్చు. సీఎస్ఈ చదివి తర్వాత చిప్‌ల వైపు రావడం అంతకంటే కష్టం.

ప్లేస్‌మెంట్ లెక్కల సంగతి కూడా చెప్పాలి. మా తమ్ముడిని చేర్చేటప్పుడు ఒక కాలేజీ రంగురంగుల పుస్తకం చేతికిచ్చింది. ఇంటికొచ్చి వేలు పెట్టి వరసగా చూస్తే ఒకే హాల్‌టికెట్ నంబరు మూడు పేజీల్లో ఉంది. ఒకే అమ్మాయికి మూడు ఆఫర్లు వస్తే ముగ్గురిగా లెక్కేశారు. అప్పటికే ఫీజు కట్టేశాం, వాడు నాలుగేళ్లు ఇబ్బంది పడ్డాడు. అందుకే మీరు ఎన్ని ఆఫర్లని అడగకండి. ఆ బ్రాంచిలో ఎంతమంది పాసయ్యారు, వాళ్లలో ఎంతమంది ఉద్యోగంలో చేరారు, మధ్యస్థంగా జీతం ఎంత అని అడగండి. అత్యధిక ప్యాకేజీ ఒక్కరిదే.

జవాబు (గుంటూరు, రిటైర్డ్ లెక్చరర్)

పటమట అమ్మాయి చెప్పింది సరిగ్గా ఉంది. ఇంకొన్ని విషయాలు చేరుస్తాను. నాక్, ఎన్‌బీఏ రెండూ చదువు నాణ్యతకి ఇచ్చే గుర్తింపులు. నాక్ కాలేజీ మొత్తానికి ఇస్తారు, ఎన్‌బీఏ మాత్రం బ్రాంచికి ఇస్తారు. "మాకు ఎన్‌బీఏ ఉంది" అంటే ఏ బ్రాంచికి, ఏ ఏడాది వరకు అని తప్పకుండా అడగాలి. కొత్తగా పెట్టిన ఏఐ-ఎంఎల్ బ్రాంచి నుంచి ఒక్క బ్యాచ్ కూడా బయటికి రాకపోతే ఎన్‌బీఏ ఉండదు.

మేనేజ్‌మెంట్ కోటాకి ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదు. మీకు అర్హత ఉంటే ఈ ఒక్క సంగతే లక్షల్లో తేడా తెస్తుంది. ఈసీఈలో చేరినా కంప్యూటర్స్‌లో మైనర్ (డిగ్రీతో పాటు అదనంగా చదివే కోర్సులు) తీసుకోవచ్చు. డిగ్రీకి 160 క్రెడిట్లు, మైనర్‌కి దానిపైన 18 నుంచి 20. ఆ కాలేజీలో ఆ మైనర్ నడుపుతున్నారో లేదో కనుక్కోండి. ఇస్రో కూడా ఎలక్ట్రానిక్స్ వాళ్లని తీసుకుంటుంది. 65 శాతం లేదా 6.84 సీజీపీఏ ఉండాలి, కాబట్టి మొదటి సెమిస్టర్ నుంచే జాగ్రత్త పడాలి.

ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ తన దగ్గర అట్టిపెట్టుకోకూడదని ఏఐసీటీఈ (సాంకేతిక విద్యా మండలి) నిబంధన. పరిశీలన అయ్యాక తిరిగి తీసుకోండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇదంతా అమ్మాయికి చదివి వినిపించాను. "నాన్నా, ఈసీఈ అయితే ఇష్టమే, నువ్వు బాధపడతావని చెప్పలేదు" అంది. చాలాసేపు నాకు మాట రాలేదు. ఇక గుంటూరు నుంచి రోజూ కానూరు వెళ్లి రావడమే భయం.

జవాబు (విజయవాడ, పటమట)

ఆ మాట అన్నాక ఇంకేం కావాలి అన్నగారూ! రోజూ తిరగడం నిజంగానే కష్టం. విజయవాడ ముప్పై అయిదు కిలోమీటర్లే అయినా, బస్టాండులో దిగి బందరు రోడ్డు మీద సిటీ బస్సు పట్టుకుని కానూరు చేరేసరికి పిల్ల అలసిపోతుంది. మొదటి ఏడాది హాస్టల్లో ఉంచండి. సోమవారం మధ్యాహ్నం, ల్యాబ్ జరిగే సమయంలో అమ్మాయిని తీసుకెళ్లండి. మైక్రోప్రాసెసర్ ల్యాబ్‌లో కిట్లు ఎన్ని పనిచేస్తున్నాయో, ఒక్కో బోర్డు చుట్టూ ఎంతమంది నిలబడ్డారో చూడమనండి. బయట టీ కొట్టు దగ్గర ఫైనలియర్ పిల్లలు దొరుకుతారు, వాళ్లని మీరు కాకుండా అమ్మాయినే అడగనివ్వండి.