చలికి తిలాపియా చేప మేత మానేసింది, ఉప్పు కొట్టమంటున్నారు, కొట్టాలా?

శంకర్‌పల్లి ట్యాంకు:
పొలంలో పదివేల లీటర్ల టార్పాలిన్ ట్యాంకు, బయోఫ్లాక్ (నీళ్లలోనే బ్యాక్టీరియా పెంచి మురికి తినిపించే పద్ధతి), అన్నీ తిలాపియానే, వంద గ్రాములు దాటాయి. చలి మొదలైన కాడి నుంచి పొద్దున ఆరింటికి నీళ్లు 18 డిగ్రీలు, మధ్యాహ్నం మూడింటికి 25. వేసిన గుళికలు వేసినట్టే తేలుతున్నాయి. చేపపిల్లలు అమ్మినాయన ఫోన్ చేసి యాభై కిలోల ఉప్పు కొట్టు, చలికి ఆగుతాయి అన్నాడు. బోరు నీళ్ల టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి) ఇప్పటికే లీటరుకి 1400 మిల్లీగ్రాములు. టెన్షన్‌గా ఉంది, చెప్పండన్నా.

మేడమీద చేపలు:
ముందు మేత ఆపు అన్నా. తిలాపియాకి 27 నుంచి 30 డిగ్రీలు హాయి, 20 లోపు పడితే సరిగా అరగదు, 16 దగ్గర దాదాపు నోరు కట్టేస్తుంది, 11 కి పడితే చావులే. తినని మేత అడుగున కుళ్లి అమ్మోనియా అవుతుంది, దాన్నీ, దాన్నుంచి పుట్టే నైట్రైట్ అనే విషాన్నీ తినే బ్యాక్టీరియా కూడా చలికి మందగిస్తుంది కాబట్టి రెండూ పెరుగుతాయి. అసలు ముప్పు అక్కడ. ఎండ పడి నీళ్లు వెచ్చబడ్డాక, రెండింటి తర్వాత కొంచెం వేసి చూడు, పది నిమిషాల్లో తినకపోతే ఆ రోజుకి అంతే.

కొల్లేటిగట్టు (ఇప్పుడు కూకట్‌పల్లి):
యాభై కిలోలంటే లీటరుకి ఐదు గ్రాములండీ. తిలాపియా అంతకు మూడింతలైనా ఓర్చుకుంటుంది, కాకపోతే రోజుల తరబడి మెల్లగా అలవాటు చేయాలి, ఒక్క పూటలో కాదు. చేప రక్తంలో ఉప్పు లీటరుకి సుమారు తొమ్మిది గ్రాములు, మంచినీళ్లలో అంత ఉండదు, అందుకని నీళ్లు ఒంట్లోకి చొరబడుతూనే ఉంటాయి, వాటిని బయటికి తోస్తూ మొప్పలతో ఉప్పు లాక్కుంటూ ఉండాలి. నీళ్లలో కాస్త ఉప్పుంటే ఆ చాకిరీ తగ్గుతుంది, నైట్రైట్ రక్తంలోకి పోకుండా కూడా ఆపుతుంది. మొత్తం పది కిలోల దొడ్డుప్పు చాలు, బకెట్లో కరిగించి మూడు రోజులకి పంచి పోయండి. టీడీఎస్ 1400 అంటే అంతా ఉప్పే అనుకోకండి, మన బోర్లలో సున్నం ఎక్కువ. ఇంకోటి, ఉప్పు ఆవిరవదు, నీళ్లు తగ్గాయని నింపినప్పుడల్లా మళ్లీ వేయొద్దు. ఆ నీళ్లు వంగతోటకి మాత్రం పెట్టకండి బాబూ.

మేడమీద చేపలు:
ఉప్పు వేస్తే నీళ్లు వెచ్చబడవు కదా. సాయంత్రం ఐదింటికే పైన టార్పాలిన్ కప్పు, చుట్టూ గడ్డి పేర్చు. చలికాలం తెల్లారుజామున బోరు నీళ్లు ట్యాంకు నీళ్లకన్నా వెచ్చగా ఉంటాయి, కాకపోతే ఆక్సిజన్ పెద్దగా ఉండదు, షవర్‌లా చిమ్మించు, ఒక్కసారిగా రెండు డిగ్రీలకు మించి మారనివ్వకు.

శంకర్‌పల్లి ట్యాంకు:
సరే అన్నా, ఇవాళే కప్పుతా. ఉప్పుకి ఓర్చేదే కావాలంటే, ఇందులో పండుగప్ప చేప వేయొచ్చా?

కొల్లేటిగట్టు:
మంచినీళ్ల నుంచి సముద్రపు నీళ్ల దాకా దేనికైనా సర్దుకుంటుందండీ, కానీ చలి దానికీ పడదు. మార్చి దాకా ఆగండి, అప్పుడూ వేరే ట్యాంకులోనే, లేదంటే చిన్న తిలాపియాల్ని మింగేస్తుంది.