పాలిమర్ క్లే కేన్‌ను సన్నగా చేస్తే తెల్ల గీతలు ఎందుకు మాయమవుతున్నాయి?

ప్రశ్న: రంగులపెట్టె, మల్కాజిగిరి

అందరికీ నమస్కారం. ఏడాదిగా పాలిమర్ క్లేతో (ఓవెన్‌లో కాలిస్తే గట్టిపడే ప్లాస్టిక్ ముద్దతో) చెవిదుద్దులు చేస్తున్నాను. ఇప్పటివరకు అచ్చులతో సరిపెట్టుకున్నాను గాని, ఈ వేసవిలో మా అమ్మగారి పోచంపల్లి చీర అంచులో ఉన్న వజ్రాకారపు గడిని, ఎక్కడ కోసినా ఒకే బొమ్మ కనిపించే క్లే కడ్డీగా, అంటే కేన్‌గా కట్టాలని కూర్చున్నాను. ఎరుపు, నలుపు, తెలుపు ముక్కలను పేర్చి, 4 సెంటీమీటర్ల పక్కలు, అంతే పొడవు ఉన్న దిమ్మ చేశాను. గడి చుట్టూ తెల్ల గీత రావడానికి 1 మిల్లీమీటరు మందం తెల్ల క్లే రేకు చుట్టాను. దిమ్మగా ఉన్నప్పుడు ఎంతో ముచ్చటగా ఉన్నది, దుద్దులకు సరిపడేలా పక్క 1 సెంటీమీటరుకు వచ్చేలా నొక్కి సన్నగా చేసేసరికి తెల్ల గీత కొన్నిచోట్ల గులాబీ రంగుకు తిరిగి, కొన్నిచోట్ల కనిపించకుండా పోయింది. రెండు కొసల్లోనూ గడి వంకరపోయింది. కోస్తుంటే బ్లేడు వెంట నలుపు వచ్చి తెలుపు మీద పాకింది. మిగిలిన కేన్‌ను గాజులా కనిపించే గట్టి ప్లాస్టిక్ డబ్బాలో దాస్తే, మూడు రోజులకు డబ్బా అడుగు మెత్తబడి క్లేకు అతుక్కున్నది. తప్పు నా చేతిదా, క్లేదా, మే నెల ఎండదా?

జవాబు: చేతిపని, కూకట్‌పల్లి

తెల్ల గీత మాయం కావడంలో మీ చేతి తప్పేమీ లేదండీ, అది లెక్క. 4 సెంటీమీటర్ల పక్కను 1 సెంటీమీటరుకు తెచ్చినప్పుడు లోపల ఉన్న ప్రతి గీతా నాలుగో వంతుకు సన్నబడుతుంది కాబట్టి, మీ 1 మిల్లీమీటరు రేకు పావు మిల్లీమీటరు అయింది. ఎరుపు, నలుపుల మధ్య అంత సన్నని తెలుపు కంటికి ఆనదు. చివరికి గీత ఎంత మందం ఉండాలో ముందే అనుకుని, దానిని తగ్గింపుతో హెచ్చవేసి రేకు ఒత్తాలి. మీ కేన్‌కు 3 మిల్లీమీటర్లు పెట్టి ఉంటే సరిపోయేది. దిమ్మ మీద మొరటుగా కనిపించినా కంగారు పడవద్దు. కేన్‌ను దిమ్మగా చూసి మురిసిపోయినవారు ముక్క కోశాక బాధపడతారని మా ఇంట్లో నన్ను ఎగతాళి చేస్తుంటారు.

పొడవు సంగతి కూడా చూడండి. క్లే ఎక్కడికీ పోదు గనుక అడ్డుకోత వైశాల్యం 16వ వంతుకు తగ్గితే పొడవు 16 రెట్లు పెరిగి, మీ 4 సెంటీమీటర్ల దిమ్మ 64 సెంటీమీటర్లు కావాలి. అంత దూరం ఒకేసారి లాగితే కొసలు వంకరపోక తప్పదు. ఈ పద్ధతికి మూలమైన, ఇటలీలోని మురానో దీవి మిల్లెఫియోరి గాజుపనిలో కడ్డీ వేడికి కరిగి ఉంటుంది గనుక లాగితే సాగుతుంది. మన క్లే లాగితే తెగుతుంది. నడుము దగ్గర నాలుగు వైపులా తిప్పుతూ నొక్కి, అక్కడి నుంచి రెండు కొసలకూ జరుగుతూ పోవాలి. అప్పటికీ కొసల్లో కొంత వృథా అవుతుంది. దానిని పూసల లోపలి ముద్దకు వాడుకోవచ్చు.

జవాబు: నీలిదారం, అంబర్‌పేట

లెక్క సరే గాని, గులాబీ రంగు సంగతి వేరు. తెల్ల క్లేకు చేతి మీది ఎరుపు ఇట్టే అంటుతుంది కాబట్టి, ఎప్పుడూ తెలుపును ముందు పిసికి పక్కన పెట్టి, ఆ తరువాతే ముదురు రంగులు ముట్టుకోవాలి. వంకరకు ఇంకో కారణమూ ఉన్నది: మూడు రంగులూ ఒకే మెత్తదనంలో లేకపోతే, నొక్కినప్పుడు మెత్తనిది పరుగెత్తి, గట్టిది వెనుకబడుతుంది. మూడింటినీ వేలితో నొక్కి పోల్చి, ఎక్కువ మెత్తగా ఉన్నదానిని రెండు తెల్ల కాగితాల మధ్య పరచి, పైన బరువు పెట్టి కొన్ని గంటలు వదిలితే, అందులోని ప్లాస్టిసైజర్‌ను కాగితం కొంత పీల్చుకుని క్లే గట్టిపడుతుంది. మీ డబ్బాను కరిగించినదీ ఆ ప్లాస్టిసైజరే. పాలిమర్ క్లే పేరుకే మట్టి, నిజానికి అది పీవీసీ పొడి. దానిని మెత్తగా ఉంచే ద్రవం పాలిస్టైరీన్ వంటి గట్టి ప్లాస్టిక్‌ను తినేస్తుంది. అడుగున 5 అంకె ఉన్న పాలీప్రొపిలీన్ డబ్బా వాడండి.

కోసేముందు ఫ్రిజ్‌లో పావుగంట పెట్టండి. ఒక్కో ముక్క కోయగానే బ్లేడు తుడిచి, కేన్‌ను పావు చుట్టు తిప్పి మరో ముక్క కోస్తే రంగు ఒకే వైపుకు పాకదు.

జవాబు: చేతిపని, కూకట్‌పల్లి

ఫ్రిజ్ మాటతో నేను పూర్తిగా ఏకీభవించను. చల్లబడిన కేన్ పైభాగం గట్టిపడి లోపల మెత్తగా ఉండిపోతే కోత అంచు చిట్లుతుంది. వానాకాలంలోనైతే బయటికి తీయగానే చెమ్మ పడుతుంది. సన్నగా చేసిన కేన్‌ను రాత్రంతా కదపకుండా వదిలి, ఎండ ఎక్కకముందు తెల్లవారుజామున కోయడం నాకు బాగా కుదిరింది. ఫ్రిజ్ తప్పదనుకుంటే పాలిథిన్‌లో చుట్టి పెట్టి, గది వేడికి వచ్చాకే విప్పండి.

ఇంకొకటి. పోచంపల్లి గడికి ఏటవాలు రేకులు చుట్టడం కంటే మెట్లుమెట్లుగా పేర్చడమే మేలు. సమానమైన చదరపు కడ్డీలను అడ్డంగా 5, నిలువుగా 5 చొప్పున 25 పేర్చి, గడిలో నాలుగో వంతు మాత్రమే కట్టండి. దాని పక్కను సగానికి తగ్గించి, వచ్చిన పొడవును నాలుగు ముక్కలు చేసి, అద్దంలో ప్రతిబింబంలా ఎదురెదురుగా అతికిస్తే పూర్తి గడి తయారవుతుంది. అచ్చమైన ఇక్కత్‌లో నూలుకు ముడులు కట్టి రంగు అద్దుతారు గనుక అంచు ఎలాగూ కొద్దిగా చెదురుతుంది. మీ మెట్లు అక్కడక్కడ వణికినా చీరకు దగ్గరగానే ఉంటుంది.

రంగులపెట్టె, మల్కాజిగిరి

పది రోజుల తరువాత రాస్తున్నాను. నాలుగో వంతు పద్ధతిలో కట్టి, తెలుపుకు విడిగా 3 మిల్లీమీటర్ల కడ్డీలు పెట్టాను, గీత నిలిచింది. తెల్లవారుజామున, ఫ్రిజ్ లేకుండానే కోశాను. అయితే కాల్చాక తెలుపు కొద్దిగా పసుపెక్కింది. ప్యాకెట్ మీద 130 డిగ్రీలు, 6 మిల్లీమీటర్ల మందానికి 30 నిమిషాలు అని ఉన్నది, ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్‌లో) సరిగ్గా అంతే పెట్టాను.

జవాబు: నీలిదారం, అంబర్‌పేట

ఓటీజీ గుండ్రటి మీటను నమ్మకండి, లోపల వేడి అంతకంటే చాలా ఎక్కువ ఉండవచ్చు. లోపల పెట్టే థర్మామీటరు ఒకటి కొని, దాని ప్రకారం మీటను తిప్పుకోండి. ముక్కలను పింగాణీ టైల్ మీద పెట్టి, వేడి కడ్డీ నేరుగా సోకకుండా పైన అల్యూమినియం రేకును గుడారంలా కప్పండి. క్లే మాడితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వెలువడుతుంది కాబట్టి కిటికీ తెరిచి ఉంచండి. వీలైతే కేకులు చేసే ఓటీజీని వదిలి, పాతదొకటి దీనికే కేటాయించండి.