గేదె అండాల కల్చర్‌లో జెంటామైసిన్‌కు బదులు తులసి, వేప సారాలు వాడవచ్చా?

ప్రశ్న (పశువైద్య పీజీ విద్యార్థిని)
పెద్దలందరికీ నమస్కారం. కబేళా నుంచి తెచ్చిన గేదె అండాశయాల్లోంచి అండాలను సేకరించి, సీరం కలిపిన టీసీఎం-199 మీడియాలో (కణాలను పెంచే పోషక ద్రవంలో) 38.5 డిగ్రీల వద్ద 24 గంటల పాటు పరిపక్వం చేస్తున్నాము. అందులో మిల్లీలీటరుకు 50 మైక్రోగ్రాముల జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ ఉంటుంది. మందులకు లొంగని బ్యాక్టీరియా పెరిగిపోతున్నందున, దాని స్థానంలో తులసి లేదా వేప ఆకుల ఇథనాల్ సారాన్ని వాడాలనుకుంటున్నాను. బ్యాక్టీరియాను పెంచే అగార్ ప్లేటుపై రెండూ ఇ.కొలై బ్యాక్టీరియాను అడ్డుకున్నాయి. ఎంత మోతాదుతో మొదలుపెట్టాలో దయచేసి చెప్పగలరు.

సమాధానం 1
అమ్మా, ప్లేటు మీద బ్యాక్టీరియా పెరగని వలయాన్ని చూసి మోతాదు నిర్ణయించకండి. పెన్సిలిన్ దెబ్బతీసేది బ్యాక్టీరియా కణకవచాన్ని. జంతు కణాలకు అది లేనే లేదు. జెంటామైసిన్ ప్రధానంగా పట్టుకునేది బ్యాక్టీరియా రైబోజోమును. తులసిలోని యూజెనాల్ వంటి ఫినాలిక్ పదార్థాలు మాత్రం కణత్వచాన్నే చెదరగొడతాయి, ఆ త్వచం అండానికీ, దాన్ని చుట్టి ఉండే క్యుములస్ కణాలకూ ఉంది. కాబట్టి బ్యాక్టీరియాను ఆపే మోతాదుకూ అండాన్ని గాయపరిచే మోతాదుకూ మధ్య ఎడం ఉందా లేదా అన్నదే మీరు ముందుగా తేల్చవలసిన విషయం. వేపను నేనైతే పక్కన పెడతాను. వేప నూనె వీర్యకణాలను చంపుతుందని మన దేశంలోనే పరిశోధించి, గర్భనిరోధకంగా కూడా పరీక్షించారు. ఆకు సారం, నూనె ఒకటి కావు, నిజమే. అయినా తర్వాత వీర్యంతో కలపవలసిన అండాల దగ్గరికి దాన్ని రానివ్వడం నాకు సమ్మతం కాదు.

సమాధానం 2
పై మాటతో ఏకీభవిస్తూ కంట్రోళ్ల (పోల్చి చూడటానికి ఉంచే గుంపుల) గురించి చెబుతాను. ఇథనాల్ సారాన్ని నీటి మీడియాలో కలిపినప్పుడు కొంత భాగం కరగక తేలిపోయి మీడియా మసకబారుతుంది. దాన్ని చూసి బ్యాక్టీరియా పెరిగిందని పొరబడే ప్రమాదం ఉంది. 0.22 మైక్రాన్ల ఫిల్టరు ఆ ముద్దలను పట్టేస్తే, మీరు రాసుకున్న మోతాదు డిష్‌లోకి చేరదు. సీరంలోని ఆల్బుమిన్ కూడా ఫినాలిక్ పదార్థాలను బంధిస్తుంది, అందువల్ల బ్యాక్టీరియా పరీక్షను సీరం ఉన్న అదే మీడియాలో మళ్లీ చేయాలి. కణాలు బతికి ఉన్నాయో లేదో రంగు మార్పుతో చూపే ఎంటీటీ పరీక్ష చేసేటట్లయితే, పరీక్ష పళ్లెంలో కణాలు లేని గుంటల్లోనూ సారం పోసి చూడండి, ఎందుకంటే పాలీఫినాల్స్ కణాల ప్రమేయం లేకుండానే ఆ రంగును ఊదాగా మార్చగలవు. ఇథనాల్ మాత్రమే కలిపిన గుంపు, ఏ మందూ లేని గుంపు తప్పనిసరి. క్యుములస్ విచ్చుకోవడంతో సరిపెట్టుకోకుండా ఫలదీకరణ తర్వాత 7, 8 రోజుల నాటి బ్లాస్టోసిస్ట్‌లను (తొలిదశ పిండాలను) లెక్కించండి.

సమాధానం 3
కల్చర్ డిష్ కంటే ముందు, అండాశయాలను కడిగే సెలైన్‌లో తులసి సారాన్ని పరీక్షించమని నా సలహా. బ్యాక్టీరియా ఎక్కువగా వచ్చేది అండాశయాల పైపొర మీది నుంచే. అక్కడ సారం తాకేది కొద్దిసేపే, తర్వాత శుభ్రమైన సెలైన్‌తో కడిగేస్తాం కూడా. కడగక ముందూ కడిగిన తర్వాతా ఆ నీటిని ప్లేటుపై వేసి కాలనీలు లెక్కిస్తే, జెంటామైసిన్‌ను ఎంతవరకు తగ్గించవచ్చో మీకే లెక్క దొరుకుతుంది.

ప్రశ్నించినవారు
ధన్యవాదాలండి. వేపను విరమించుకుని, సెలైన్ దశలో తులసితోనే మొదలుపెడతాను. మొదటి విడతలో డిష్‌లోని జెంటామైసిన్‌ను యథాతథంగా ఉంచుతాను.