గ్లాక్ 19కి .22 కిట్ కొనాలా, విడిగా .22 పిస్టలే కొనాలా?

డాలస్_కొత్తోడు: గ్లాక్ 19 జెన్ 5 (ఐదో తరం 9ఎంఎం పిస్టల్) ఉంది. 9ఎంఎం ప్రాక్టీసుతో జేబుకి చిల్లు పడుతోంది. .22 ఎల్ఆర్ కన్వర్షన్ కిట్ (పైనున్న స్లయిడూ గొట్టమూ మార్చి అదే తుపాకీలో చిన్న .22 తూటాలు కాల్చేది) మేలా, లేక గ్లాక్ 44, టారస్ టీఎక్స్22, రూగర్ మార్క్ 4 లాంటిది విడిగా కొనాలా?

పాలమూరోడు: కిట్టే. లెక్క చూడు తమ్ముడూ. 9ఎంఎం రౌండు సుమారు 25 సెంట్లు, .22 సుమారు 8 అనుకో. తేడా 17. కిట్ 340 డాలర్లయితే 2000 రౌండ్లకి దాని డబ్బు వచ్చేస్తుంది. అదే పట్టు, అదే ట్రిగ్గర్, అదే హోల్‌స్టర్. కిట్ స్లయిడ్‌కి సొంత సైట్లు ఉంటాయి కాబట్టి 9ఎంఎం జీరో (గురి అమరిక) కదలదు. పైగా కిట్‌లో ఫ్రేము (పిడి ఉన్న కింది భాగం) లేదు కనుక ఫెడరల్ చట్టం ప్రకారం అది తుపాకీ కాదు. విడి పిస్టలైతే డీలర్ దగ్గర 4473 (తుపాకీ కొనేవాళ్ల ఫెడరల్ ఫారం) నింపాలి.

ఫ్రిస్కో_బావ: హెచ్1బీ వాళ్లు ఇది చదివి ఎగబడకండి. ఆ వీసా మీదుంటే తుపాకీయే కాదు, తూటాలు దగ్గరుంచుకోవడం కూడా నిషేధమే. వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి.

గోదారి_గురి: "అదే ట్రిగ్గర్" అన్నమాట 1911కి (పాత కోల్ట్ .45 పిస్టల్) నిజం, గ్లాక్‌కి సగమే నిజం. 1911లో హ్యామరూ, దాన్ని పట్టి ఉంచే సియరూ ఫ్రేములోనే ఉంటాయి, పైన ఏం మార్చినా నొక్కుడు మారదు. గ్లాక్‌లో తూటాని కొట్టి పేల్చే స్ట్రైకరూ దాని స్ప్రింగూ స్లయిడ్‌లో ఉంటాయి. కిట్ తన సామాను తనే తెచ్చుకుంటుంది. వేలికి తేడా తెలుస్తుంది.

రెండోది, తూటాల విషయంలో కిట్ల తిండి పేచీ. .22 బలానికి ఉక్కు స్లయిడ్ వెనక్కి పోదు, అందుకే అల్యూమినియం వాడతారు. అయినా స్టాండర్డ్ వెలాసిటీ రౌండ్లకి స్లయిడ్ పూర్తిగా వెనక్కి రాక ఖాళీ కేసు బయటికొచ్చే పోర్టులోనే నిలువునా ఇరుక్కుంటుంది. సీసీఐ మినీ మ్యాగ్ లాంటి రాగిపూత హై వెలాసిటీ రౌండ్లు పెట్టాల్సిందే. అవి చవక రకం కాదు. నీ 8 సెంట్ల లెక్క అక్కడే పోయింది.

పాలమూరోడు: వేలికి తెలిసే తేడా! గుడిసెలో కూచుని గోడ రంగు గురించి గొడవ. గ్లాక్ 44 కూడా అదే .22 కదా, అది మాత్రం ఏది పెట్టినా తింటుందా? ఇరుక్కునేది సగం మన చేతివాటం వల్లే. మ్యాగజీన్ బటన్ పూర్తిగా కిందికి లాగి రౌండ్లు గుమ్మరిస్తే వెనక రౌండు అంచు ముందుదాని అంచుకి తగులుకుంటుంది. ఒక్కో రౌండుకి సరిపడా మాత్రమే దించి ఒకటొకటిగా పెట్టాలి. ఛాంబర్‌లో (రౌండు కూర్చునే చోటు), ఖాళీ కేసుని లాగే ఎక్స్‌ట్రాక్టర్ కింద సీసం, మైనం పేరుకుంటాయి. కొన్ని వందల రౌండ్లకోసారి బ్రష్ కొట్టు.

కడప_కంచు: పేలకపోతే గొట్టం టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగండి. .22 కేసు అంచులో ఉండే అంటించే మందు సమంగా పరుచుకోకపోతే ఇలా అవుతుంది. ఆ రౌండు కాస్త తిప్పి పెడితే ఒక్కోసారి పేలుతుంది. "టప్" అని నీరసంగా మోగితే మాత్రం గుండు లోపలే ఇరుక్కుని ఉండొచ్చు, గొట్టం చూడకుండా రెండోది కాల్చొద్దు.

గోదారి_గురి: విషయం దాటేశావు పాలమూరూ. .22తో రికాయిల్ (వెనక్కి తన్నే దెబ్బ) పెద్దగా రాదు. వేల రౌండ్లు కాల్చాక 9ఎంఎం పట్టుకుంటే పట్టు విడిపోతుంది. 1930లలోనే కోల్ట్ వాళ్లకి ఇది తెలుసు. .22 దెబ్బ .45లా తగలాలని విలియమ్స్ అనే డిజైనర్ చేసిన ఫ్లోటింగ్ ఛాంబర్ (వెనక్కి కదిలి దెబ్బ పెంచే ఛాంబర్) పెట్టారు. రికాయిల్ అక్కర్లేకపోతే అదెందుకు?

పాలమూరోడు: మన హైదరాబాద్ షూటర్ ఈషా సింగ్ 25 మీటర్ల పోటీలో కాల్చేది .22యే. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రజతం తెచ్చింది. ఆమెకి పట్టు రాదంటావా?

గోదారి_గురి: ఆ పోటీలో తుపాకీయే .22! ఇతని చేతిలో ఉన్నది గ్లాక్. నీకు కాగితం మీద పది పాయింట్ల గుండ్రం తప్ప లోకం కనపడదు.

పాలమూరోడు: అవును, నాది బుల్స్‌ఐ (కాగితం టార్గెట్ పోటీ). మొత్తం 2700 పాయింట్ల మ్యాచ్‌లో 900 పాయింట్లు .22కే ఉంటాయి, అక్కడ ట్రిగ్గర్ కుదుపు లేకుండా నొక్కడమే మొత్తం ఆట. నీ రెండో షాటు తొందర నాకెందుకు? నువ్వు క్యారీ (ఆత్మరక్షణకి వెంట పెట్టుకోవడం) కోసం కాలుస్తావు, ఆ కొలతతో అందర్నీ కొలుస్తావు.

గోదారి_గురి: అదే నా మాట. క్యారీ చేసేవాడికి రెండో షాటే పరీక్ష. .22తో మొదలెట్టు, కానీ ప్రతి సెషన్ చివర 50 రౌండ్లు 9ఎంఎంవి కాల్చు. మధ్యలో తెలియకుండా డమ్మీలు (పేలని ఉత్తుత్తి రౌండ్లు) కలుపు. డమ్మీ మీద తుపాకీ ముక్కు కిందికి వంగితే .22తో మొదట దిద్దుకోవాల్సింది అదే.

ఫ్రిస్కో_బావ: మా దగ్గరి రేంజ్‌లో బయటి తూటాలు రానివ్వరు, వాళ్లు అమ్మేవే కాల్చాలి. ఆ ధరకి ఏ లెక్కా నిలవదు. ముందు మీ రేంజ్ రూలు అడగండి.

డాలస్_కొత్తోడు: నేను స్టీల్ ఛాలెంజ్ (ఉక్కు పలకల్ని వేగంగా కొట్టే పోటీ) ఆడదామనుకుంటున్నా. స్లయిడ్ మీద రెడ్ డాట్ (ఎర్ర చుక్క చూపే సైటు) ఉంది.

పాలమూరోడు: ఇది మొదట్లోనే చెప్పొచ్చుగా. అందులో రిమ్‌ఫైర్ (.22 లాంటి) పిస్టల్‌కి వేరే డివిజన్లున్నాయి. హోల్‌స్టర్ నుంచి తీయడం ఉండదు, తుపాకీ కిందికి దించి మొదలెడతారు. అయితే హోల్‌స్టర్ మాట వదిలెయ్.

గోదారి_గురి: రెడ్ డాట్ 9ఎంఎం స్లయిడ్‌తోనే పోతుంది, కిట్ మీద ఇంకోటి కొనాలి. కిట్ ధర, డాట్ ధర కలిపి చూసుకుని టీఎక్స్22 వైపు చూడు. 16 రౌండ్ల మ్యాగజీన్, గ్లాక్ 44కి పదే.

పాలమూరోడు: కిట్టే కొంటే జెన్ 5కి చేసినదా కాదా అని అడిగి కొను. తరాన్ని బట్టి వేరు. ట్రిగ్గర్ విషయంలో మాత్రం నేను ఒప్పుకోలేదు.