అరాటా ఇజుమిలా పాస్‌పోర్ట్ వదిలి రావాల్సిందేనా, ఓసీఐ కార్డున్న విదేశీ పౌరులైన భారత సంతతి వాళ్ళకి నేరుగా ఇండియా జెర్సీ ఇచ్చేయొచ్చా?

గ్యాలరీ_గణేష్:
బెంగళూరు ఎఫ్‌సీ ఆటగాడు రయాన్ విలియమ్స్ ఆస్ట్రేలియా పౌరసత్వం వదులుకుని మన పాస్‌పోర్ట్ తీసుకున్న దగ్గర్నుంచి ప్రతి ఫుట్‌బాల్ గ్రూపులోనూ ఇదే గోల, బయటి దేశాల్లో ఉన్న మనవాళ్ళందరినీ పిలిచి ఆడించేయాలట. 2025లోనే మొదటిసారి జరిగినట్టు మాట్లాడుతున్నారు గానీ అరాటా ఇజుమి ఎవరికీ గుర్తున్నట్టు లేడు. పుట్టింది జపాన్‌లోని షిమొనొసెకిలో, నాన్న గుజరాతీ, అమ్మ జపనీస్. సింగపూర్‌లో అల్బిరెక్స్ నీగటాకి, తర్వాత జపాన్‌లో ఒక కంపెనీ టీమ్‌కి ఆడి 2006లో ఈస్ట్ బెంగాల్‌కి వచ్చాడు. అక్కణ్ణుంచి మహీంద్రా యునైటెడ్, పుణె ఎఫ్‌సీ. 2012లో నీలకంఠ్ ఖంభోల్జా అన్న పేరుతో భారతీయుడయ్యాడు, జపాన్ పౌరసత్వం పోయింది. 2013 ఫిబ్రవరిలో కొచ్చిలో పాలస్తీనా మీద ఇండియాకి తొలి మ్యాచ్ ఆడాడు, అది 2-4తో ఓడిపోయాం లెండి. ఆట మానేశాక కూడా వెనక్కి వెళ్ళలేదు, నవీ ముంబైలో రిలయన్స్ ఫౌండేషన్ యంగ్ చాంప్స్ కుర్రాళ్ళకి కోచ్ అయ్యాడు.

నేననేది ఒకటే. ఇక్కడికొచ్చి, మన గ్రౌండ్లలో, మన ఎండలో ఏళ్ళ తరబడి ఆడినవాడికి జెర్సీ ఇవ్వండి. అక్కడే కూర్చుని మ్యాచ్ రోజు విమానం దిగేవాడికి వద్దు. ఏమంటారు?

ఎడిసన్_నాన్న:
గణేష్ గారూ, మీరు ఎండ గురించి చెప్తున్నారు, నేను ఫలితాల గురించి అడుగుతాను. 2025 మార్చిలో షిల్లాంగ్‌లో ఆసియా కప్ క్వాలిఫయర్‌లో బంగ్లాదేశ్ మనతో 0-0 డ్రా చేసుకుంది. ఆ రోజు వాళ్ళ తరఫున మొదటిసారి ఆడినవాడు హంజా చౌదరి, ఇంగ్లండ్‌లో పుట్టి లెస్టర్ సిటీ క్లబ్బు అకాడమీలో ఎదిగిన కుర్రాడు. బ్రిటిష్ పాస్‌పోర్ట్ వదిలేశాడా? లేదు. అదే ఏడాది నవంబర్‌లో ఢాకాలో మనల్ని 1-0తో కొట్టారు. వాళ్ళు రెండు పాస్‌పోర్ట్‌లకి ఒప్పుకుంటారు, మనం ఒప్పుకోం, అంతే తేడా.

మా వాడు ఇక్కడ న్యూజెర్సీలో అకాడమీకి వెళ్తాడు, వారానికి నాలుగు ప్రాక్టీసులు. వాడు ఇండియాకి ఆడేంత వాడో కాదో నాకు తెలీదు, ఆ సంగతి పక్కన పెట్టండి. కానీ పద్దెనిమిదేళ్ళ కుర్రాడిని అమెరికా పాస్‌పోర్ట్ పారేసి రా, ఆ తర్వాత సెలెక్ట్ చేస్తామో లేదో చూద్దాం అంటే ఏ తల్లిదండ్రులు పంపిస్తారండీ? మైకేల్ చోప్రా సంగతే చూడండి. న్యూకాజిల్, సండర్లాండ్, కార్డిఫ్‌లకి ఆడినవాడు, ఇండియాకి ఆడాలని ఉందని నోరు తెరిచి అడిగాడు. పాస్‌పోర్ట్ దగ్గరే ఆగిపోయింది. చివరికి 2014లో, మళ్ళీ 2016లో కేరళ బ్లాస్టర్స్‌కి ఆడి వెళ్ళిపోయాడు. నష్టం ఎవరికి?

తార్నాక_లెఫ్ట్‌వింగ్:
"మ్యాచ్ రోజు విమానం దిగేవాడు" 😂 అన్నా, మన సీనియర్లలో కొందరు మ్యాచ్ రోజు కూడా దిగరు.

రూల్‌బుక్_రమణి:
అందరూ మూడు వేరు వేరు విషయాలు కలిపేస్తున్నారు, కొంచెం ఓపికగా చదవండి.

ఒకటి క్రీడా శాఖ. ఇండియాకి ఆడాలంటే భారత పాస్‌పోర్ట్ ఉండాలన్న నిబంధన 2008 చివర్లో వచ్చింది. అంతకు ముందు టెన్నిస్‌లో ప్రకాశ్ అమృత్‌రాజ్, సునీతా రావు లాంటి వాళ్ళు అమెరికా పాస్‌పోర్ట్‌తోనే మనకి ఆడారు, ఆ ఆర్డర్‌తో ఆగిపోయారు. దీన్ని మార్చడం పెద్ద పని కాదు, ప్రభుత్వం అనుకుంటే ఇంకో ఆర్డర్ ఇస్తే చాలు.

కానీ ఫుట్‌బాల్‌లో అది మార్చినా ఉపయోగం లేదు, ఎందుకంటే ఫిఫా అడిగేది ఆ దేశపు జాతీయత. ఓసీఐ కార్డు జాతీయత కాదు, జీవితాంతం పనికొచ్చే వీసా లాంటిది, ఓటు కూడా ఉండదు. రేపు క్రీడా మంత్రి లేచి ఓసీఐ వాళ్ళు ఆడొచ్చు అన్నా ఫిఫా దగ్గర చెల్లదు. కాబట్టి మీరు నిజంగా అడుగుతున్నది ద్వంద్వ పౌరసత్వం, అంటే 1955 పౌరసత్వ చట్టంలో సెక్షన్ 9 మార్చాలి. ఇరవై రెండు మంది ఆడే ఆట కోసం పార్లమెంటు ఆ పని చేస్తుందని నేననుకోను. పైగా అదే చట్టంలో సెక్షన్ 6 కింద ప్రత్యేక సేవ చేసినవాళ్ళకి షరతులు సడలించే వీలుంది, సైన్స్, తత్వశాస్త్రం, కళ, సాహిత్యం, ప్రపంచ శాంతి, మానవ ప్రగతి అని రాశారు. ఆటల ఊసే లేదు!

2025లో వచ్చిన ఖేలో భారత్ నీతి అనే జాతీయ క్రీడా విధానంలో విదేశాల్లోని భారత సంతతి క్రీడాకారులను ప్రోత్సహిస్తామని ఒక వాక్యం ఉంది. వాక్యం వరకే.

ఎడిసన్_నాన్న:
రమణి గారూ, చట్టం అలా ఉందని మీరు చెప్తున్నారు, అలా ఉండటం సరైనదేనా అని నేను అడుగుతున్నాను. మా డాలర్లు కావాలి, మా డిపాజిట్లు కావాలి, మా పిల్లాడు బంతి తన్నడానికి మాత్రం పాస్‌పోర్ట్ పరీక్ష.

గ్యాలరీ_గణేష్:
డిపాజిట్లకి వడ్డీ ఇస్తున్నారు కదండీ, జెర్సీ కూడా కలిపి ఇవ్వాలా?

హంజా అంటే నాకూ ఇష్టమే, కానీ పూర్తి సంగతి చెప్పండి. ఆ గ్రూపులోంచి ఆసియా కప్‌కి వెళ్ళింది సింగపూర్. బంగ్లాదేశ్ కూడా మనలాగే బయటే ఉండిపోయింది. ఇండోనేషియా డచ్‌వాళ్ళతో టీమ్ నింపేసి ప్రపంచ కప్ క్వాలిఫయర్స్‌లో నాలుగో రౌండ్ దాకా వెళ్ళింది, సౌదీ చేతిలో ఒకటి, ఇరాక్ చేతిలో ఒకటి ఓడి ఇంటికొచ్చింది. మలేషియా సంగతి ఇంకా ఘోరం, ఏడుగురికి తాతల జనన పత్రాలు దొంగవి పెట్టారని 2025లో ఫిఫా అందరినీ సస్పెండ్ చేసింది. తాత ఎక్కడ పుట్టాడన్న దాని మీద టీమ్ కడితే ఫెడరేషన్ బాబులు ఏం చేస్తారో ఊహించలేమా?

తార్నాక_లెఫ్ట్‌వింగ్:
ఇండోనేషియా నాలుగో రౌండ్ దాకా వెళ్ళిందని మీరే అంటున్నారు, అదేదో ఓటమిలా. మనం రెండో రౌండ్‌లో ఆగాం. ఆసియా కప్ క్వాలిఫయర్స్‌లో అయితే సొంత గడ్డ మీద గోవాలో సింగపూర్‌తో 2-1తో ఓడాం. ఆ "ఓటమి" మనకి రమ్మనండి, పండగ చేసుకుంటాం.

ఇంకో మాట. అరాటాని మీరు ఉదాహరణగా తెచ్చారు కాబట్టి అడుగుతున్నా. 2006లో వచ్చాడు, 2012కి గానీ కాగితాలు అవ్వలేదు, మొదటి మ్యాచ్ నాటికి ముప్పై ఏళ్ళు. పట్టుమని పది మ్యాచ్‌లు ఆడలేదు. మీరు గొప్పగా చెప్తున్న దారి ఇదేనా? ఆటగాడికి కాళ్ళలో బలం ఉన్నప్పుడు లైన్లో నిలబెట్టి, అలిసిపోయాక జెర్సీ చేతికిచ్చారు.

నిజామాబాద్_టచ్‌లైన్:
ఇంతసేపటి నుంచి చదువుతున్నా, ఒక్కరైనా ఇక్కడి పిల్లల మాట ఎత్తుతారేమో అని. మా జిల్లా నుంచి వెళ్ళిన సౌమ్య గుగులోత్ 2022లో క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్‌కి ఆడింది. తిరిగొచ్చి ఈస్ట్ బెంగాల్‌కి ఆడి 2024-25కి దేశంలో ఉత్తమ క్రీడాకారిణి అవార్డు తెచ్చుకుంది. ఏ ఓసీఐ కార్డూ లేదు. నేను స్కూల్ పిల్లలకి ఆట నేర్పిస్తాను, మాకు గోల్‌పోస్టులకి నెట్లు ఉండవు, వేసవి తర్వాత టోర్నమెంట్ ఉండదు. 1962 జకార్తా ఆసియా క్రీడల బంగారం తెచ్చిన కోచ్ రహీమ్ సాబ్ మన హైదరాబాద్ వారే, సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 54 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు కొట్టింది. వాళ్ళెవరూ విమానంలో దిగలేదు. ఇప్పుడు హైదరాబాద్ ఎఫ్‌సీ అనే క్లబ్బే లేదు, పుణె స్థానంలో 2019లో వచ్చింది, 2022లో ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు గెలిచింది, 2025లో ఢిల్లీకి తరలిపోయింది. ఐఎస్‌ఎల్ సమయానికి మొదలవని దేశంలో న్యూజెర్సీ నుంచి బాబుని తీసుకొచ్చి ఎక్కడ ఆడిస్తారు సార్?

ఎడిసన్_నాన్న:
మాస్టారూ, మీ నెట్ల బాధ నిజం, కాదనను. కానీ మా వాడు రాకపోతే మీ గోల్‌పోస్టుకి నెట్ వస్తుందా? రెండింటికీ ముడి పెట్టకండి.

గ్యాలరీ_గణేష్:
ముడి ఉంది సార్. అరాటా తొమ్మిదో పదో మ్యాచ్‌లు ఇండియాకి ఆడాడు, అది నేను పెద్దగా లెక్కలోకి తీసుకోను, తార్నాక తమ్ముడు చెప్పింది కరెక్టే, ఆలస్యం చేశారు. కానీ ఆయన ఈ దేశానికి నిజంగా మిగిల్చింది ఆ తర్వాతి పని. జపాన్‌లో చిన్నప్పుడు నేర్చుకున్న ఆటని ఇక్కడి పదమూడు, పద్నాలుగేళ్ళ కుర్రాళ్ళకి రోజూ చెప్తూ వచ్చాడు. రెండు మ్యాచ్‌లు ఆడి లెస్టర్‌కో లండన్‌కో వెళ్ళిపోయేవాడు ఆ పని చేస్తాడా? పాస్‌పోర్ట్ వదలమనడం నాకు శిక్షలా అనిపించదు, ఇక్కడే బతకాలనుకున్నవాడు ఎవడో దానితో తేలిపోతుంది.

తార్నాక_లెఫ్ట్‌వింగ్:
జీతం తీసుకుని చేసే ఉద్యోగం అన్నా అది. మంచి కోచ్, ఒప్పుకుంటా, కానీ త్యాగం, దేశసేవ అని పెద్ద పెద్ద మాటలు వద్దు. బరెటో కూడా మోహన్ బగాన్‌కి ఏళ్ళ తరబడి ఆడి ఇక్కడే కోచింగ్‌లోకి దిగాడు. ఆయన బ్రెజిల్ పౌరుడు, ఎవరూ పాస్‌పోర్ట్ అడగలేదు. పిల్లలకి నేర్పడానికి పౌరసత్వం అక్కర్లేదన్నమాట.

రూల్‌బుక్_రమణి:
బరెటో పాయింట్ బాగుంది. గణేష్ గారి వాదనలో సగం అక్కడే పోయింది.

మీరెవరూ పట్టించుకోనిది ఒకటుంది. ఓసీఐ ఆటగాడు ఐఎస్‌ఎల్‌లో విదేశీయుడి కిందే లెక్క. గ్రౌండ్‌లో ఒకేసారి నలుగురే విదేశీయులు ఉండాలన్నప్పుడు ఆ చోటు స్పానిష్ స్ట్రైకర్‌కి ఇస్తారా, న్యూజెర్సీ ఎడిసన్ నుంచి వచ్చిన పందొమ్మిదేళ్ళ కుర్రాడికి ఇస్తారా? రయాన్ విలియమ్స్ ఇంగ్లండ్‌లో ఆడొచ్చిన పేరుతో 2023లో బెంగళూరులో చోటు సంపాదించుకున్నాడు. పేరు లేనివాడికి ఆ దారి మూసే ఉంది. ఇది మార్చడానికి పార్లమెంటు అక్కర్లేదు, ఫిఫా అక్కర్లేదు. క్లబ్బుకి ఒక ఓసీఐ ఆటగాడిని, 23 ఏళ్ళ లోపువాడైతే, విదేశీ కోటాలో లెక్కపెట్టకుండా వదిలేయమని ఫెడరేషన్ ఒక సర్క్యులర్ ఇవ్వొచ్చు. ఐదేళ్ళుగా ఓసీఐ కార్డు ఉండి, పన్నెండు నెలలు ఇక్కడే ఉన్నవాడు పౌరసత్వానికి అప్లై చేయొచ్చని చట్టంలోనే ఉంది. వచ్చి, ఆడి, చూసి అప్పుడు నిర్ణయించుకుంటాడు.

నిజామాబాద్_టచ్‌లైన్:
ఆ ఒక్క చోటు కూడా ఇక్కడి కుర్రాడిదే కదమ్మా పోయేది.

రూల్‌బుక్_రమణి:
అవును మాస్టారూ, ఇక్కడి కుర్రాడిదే. అది దాచి మాట్లాడటం నాకిష్టం లేదు. అందుకే క్లబ్బుకి ఒక్కడే అన్నాను.

ఎడిసన్_నాన్న:
ఏడాది పాటు పంపడానికైతే నేను మా ఆవిడని ఒప్పించగలను. పాస్‌పోర్ట్ మాటెత్తితే మాత్రం ఇంట్లో అన్నం పెట్టరు.