హైస్కూల్ ఆర్ట్ క్లాసులో స్ట్రీట్ ఆర్ట్: వేయించాలా, వద్దా?

కుంచెరంగు (చర్చ మొదలుపెట్టినవారు):
హైస్కూల్లో డ్రాయింగ్ చెప్తాను. ఈసారి కుండీలూ పళ్లబుట్టలూ పక్కనపెట్టి, తొమ్మిది, పది తరగతుల పిల్లలతో స్ట్రీట్ ఆర్ట్ (వీధి గోడల మీద, తరచూ ఎవరి అనుమతీ లేకుండా వేసే బొమ్మలు) చేయిద్దామనుకుంటున్నాను. తమ చుట్టూ కనిపించే ఒక సమస్యను వాళ్లే ఎంచుకోవాలి, దానికి స్టెన్సిల్ (రంగు అద్దడానికి ఆకారం కోసిన అట్ట) కోసుకోవాలి, స్కూలు ముందువైపు గోడ మీద వేయాలి. హెడ్మాస్టర్ గారు గోడ ఇచ్చారు, ఒక షరతుతో. ఏం వేస్తున్నారో ముందు ఆయనకు చూపించాలి. స్టాఫ్ రూమ్‌లో ఒకరు "గోడలు ఖరాబు చేయడం కూడా సిలబస్సేనా?" అన్నారు. ఇంకొకరు "మార్కులెలా వేస్తావు, ఆవేశానికి పదికి ఎన్ని?" అని నవ్వారు. ఆ రెండో ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మీరేమంటారు?

నిలువుగీత:
మీ ఉత్సాహం మీద నీళ్లు చల్లుతున్నాననుకోకండి. ముందే చూపించి, ఊఁ అనిపించుకుని వేసేది గోడ బొమ్మ. మంచిదే, వేయించండి. దాన్ని స్ట్రీట్ ఆర్ట్ అని మాత్రం పిల్లలకు చెప్పకండి. అమెరికా చిత్రకారుడు కీత్ హేరింగ్ 1986లో న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో హ్యాండ్‌బాల్ ఆడుకునే గోడ మీద, క్రాక్ అనే మత్తుమందుకు వ్యతిరేకంగా పెద్ద బొమ్మ వేశాడు. ఎవరినీ అడగలేదు. తన స్టూడియోలో పనిచేసే కుర్రాడే ఆ మత్తులో కూరుకుపోతుంటే కడుపుమండి వేశాడు. పోలీసులు వచ్చారు, జరిమానా పడింది. అంత మంటను బెల్లు కొట్టగానే మొదలుపెట్టి, మళ్లీ బెల్లు కొట్టగానే ఆపమంటే కుదురుతుందా?

ఇంకో మాట. అనుమతి అనగానే పిల్లలు మనకన్నా బాగా లెక్కలు వేసుకుంటారు. చెట్లు నాటండి, నీరు పొదుపు చేయండి, రెండు అరచేతుల మధ్య భూగోళం. ప్రపంచంలో ఒక్కరికీ అభ్యంతరం ఉండదు. అందులో పిల్లాడి సొంత మాట ఎక్కడుంది?

పాతడ్రాయింగుమాస్టారు:
నిలువుగీత గారూ, హేరింగ్ కథ సగంలో ఆపేశారు. ఆ మొదటి బొమ్మ మీద రంగు పూసేశాక, అదే ఏడాది అదే గోడ మీద ఆయన మళ్లీ వేశాడు. ఈసారి నగర పార్కుల శాఖ ఒప్పుకున్నాకే. అనుమతి దొరికిందని దాని పదునేమీ తగ్గలేదు.

ఇక పిల్లల సంగతి. లాస్ ఏంజెలెస్‌లో వరదనీటి కాలువ గోడ మీద చిత్రకారిణి జూడీ బాకా 1976లో 'గ్రేట్ వాల్' అనే పొడవాటి గోడ బొమ్మ మొదలుపెట్టారు. 1983 దాకా కొన్ని వేసవుల్లో 400 మందికి పైగా కుర్రకారు దాని మీద పనిచేశారు. పోలీసు కేసుల్లో ఇరుక్కున్నవాళ్లూ వాళ్లలో ఉన్నారు. పొడవు 2,754 అడుగులు, అంటే దాదాపు 840 మీటర్లు. అది సర్కారు కాలువ, అన్నీ అనుమతితోనే. అయినా రెండో ప్రపంచ యుద్ధకాలంలో జపాన్ మూలాలున్న అమెరికన్లను శిబిరాల్లో బంధించిన సంగతి ఆ గోడ మీద ఉంది. బాకా ముందు చరిత్ర తెలిసినవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించారు, రంగు డబ్బాలు తెరిచింది ఆ తర్వాతే. మన క్లాసుల్లో ఆ మొదటి పని ఎగ్గొట్టేసి నేరుగా భూగోళం గీయిస్తాం. తప్పు అక్కడుంది గానీ అనుమతిలో లేదు.

నిలువుగీత:
మాస్టారూ, బాకాకు దొరికిన గోడ మెక్సికో చిత్రకారుడు డియేగో రివేరాకు దొరకలేదు. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సెంటర్‌లో వేస్తున్న కుడ్యచిత్రంలో రష్యా కమ్యూనిస్టు నాయకుడు లెనిన్ ముఖం పెట్టాడని 1933లో పని ఆపించారు, 1934లో బొమ్మనే కొట్టేశారు. గోడ ఎవరిదో, చివరి మాట వాళ్లదే. కుంచెరంగు గారి హెడ్మాస్టర్ ఏ రకమో ముందు తేల్చుకోండి.

కుంచెరంగు:
కాస్త మెల్లగా, ఆయన కూడా ఇది చదువుతూ ఉండొచ్చు!

పదోతరగతిఅమ్మ:
మీరందరూ కళాకారుల గురించి మాట్లాడుతున్నారు. నాకు మా వాడి గురించి టెన్షన్. 2011లో సిరియాలోని దరాలో స్కూలు గోడ మీద ప్రభుత్వాన్ని తిడుతూ రాశారని పిల్లల్ని పట్టుకెళ్లి హింసించారు. వాళ్లను వదలమని మొదలైన నిరసనలు చివరికి అంతర్యుద్ధం దాకా వెళ్లాయి. మీ స్కూల్లో అలా జరుగుతుందని నేననడం లేదు. కానీ గోడ మీద మాటకు దెబ్బ పడితే అది పిల్లలకే పడుతుంది, ఐడియా ఇచ్చిన టీచర్‌కు కాదు. పదిహేనేళ్ల పిల్లాడికి ఆ లెక్క తెలుస్తుందా?

రెండోది, టీచర్‌కు ఏ అభిప్రాయం నచ్చుతుందో పిల్లలు ఇట్టే పసిగట్టేస్తారు. మార్కుల కోసం అదే వేస్తారు. మా వాడైతే ఖాయంగా వేస్తాడు. సామాజిక స్పృహ పేరుతో మీరు నేర్పేది ముఖస్తుతి కాకూడదు కదా.

గోడమీదపిల్లి:
(పేరు చూసి ముందే నవ్వుకోకండి.) ఈ గోడ ఎవరి గొంతు అన్నదే అసలు గొడవ. అమెరికా సుప్రీంకోర్టు దీన్ని రెండు రకాలుగా చూసింది. వియత్నాం యుద్ధాన్ని నిరసిస్తూ పిల్లలు చేతికి నల్లపట్టీ కట్టుకుని బడికొస్తే, 1969లో పిల్లల పక్షాన తీర్పిచ్చింది. 1988లో మాత్రం, స్కూలు తన పేరుతో నడిపే పత్రికలో ఏం రావాలో స్కూలు నిర్ణయించుకోవచ్చంది. చేతిపట్టీ పిల్లాడి మాట, పత్రిక స్కూలు మాట అన్నమాట. మరి ఆర్ట్ క్లాసులో, మార్కుల కోసం, స్కూలు గోడ మీద వేసిన బొమ్మ? ఏ దేశంలోనైనా హెడ్మాస్టర్లు రెండోదే అంటారు. పిల్లలకు మాత్రం 'మీ మాట చెప్పండి' అంటాం. ఆ తేడాను మొదటి క్లాసులోనే వాళ్లకు చెప్పేస్తే సగం మోసం తప్పుతుంది.

సుద్దముక్క:
ఇలాంటి క్లాసులో కూర్చున్నదాన్ని కాబట్టి చెప్తున్నా. మా ఆర్ట్ మేడమ్ తొమ్మిదిలో చేయించారు. మేం నలుగురమ్మాయిలం ఎంచుకున్నది బాత్‌రూమ్ తలుపు. గడియ ఊడిపోయి ఉండేది. ఒకరు లోపలికి వెళ్తే ఇంకొకరు బయట తలుపు పట్టుకుని నిలబడాలి. డిజైన్‌లో మూసిన తలుపు, దాని అంచును గట్టిగా పట్టుకున్న ఒక చెయ్యి, తలుపు కింది సందులోంచి ఒక జత బూట్లు, బయట ఇంకో జత. మాటలేమీ రాయలేదు. మేడమ్ చూసి "బూట్లు ఇంకా పెద్దవి చేయండి, దూరం నుంచి ముందు అవే కనపడాలి" అన్నారు, అంతే.

ఆఫీసులో చూపించారు. ఆ వారంలోనే గడియ వచ్చింది. కొత్తది, తళతళలాడేది. బొమ్మ మాత్రం వద్దన్నారు. సమస్య తీరింది కదా, ఇంకా గోడ మీదెందుకు అని. చివరికి మాకు దక్కినవి సీతాకోకచిలుకలు. నలుగురం తలా ఒకటి.

పాతడ్రాయింగుమాస్టారు:
గడియ వచ్చిందిగా అమ్మా! ఎన్ని పెద్ద పెద్ద బొమ్మలు గోడల మీదే వెలిసిపోయాయి, ఒక్క మేకు కూడా కదిలించలేక.

నిలువుగీత:
తలుపుకు గడియ పెట్టి, పిల్లల నోటికీ ఒకటి పెట్టారు.

గోడమీదపిల్లి:
దానికి బొమ్మ దేనికి? ఒక కంప్లైంట్ లెటర్ రాస్తే పోయేది కదా.

సుద్దముక్క:
రాశామండీ. క్లాస్ లీడర్ చేత ఇప్పించాం కూడా. లెటర్ టేబుల్ సొరుగులోకి పోతుంది, ఎవరికీ కనపడదు. గోడ మీద బొమ్మ ఉంటే పేరెంట్స్ మీటింగ్ రోజు అందరూ దాని ముందు నుంచే లోపలికి రావాలి. గడియ బిగించింది మా కష్టం చూసి కాదు, ఆ మీటింగ్‌ను చూసి. ఆ మాత్రం తొమ్మిదో తరగతిలోనే అర్థమైంది.

పదోతరగతిఅమ్మ:
మీరే వేశారని తెలిశాక ఎవరైనా ఏమైనా అన్నారా?

సుద్దముక్క:
ఒక సారు కొన్నాళ్లు 'గడియ బ్యాచ్' అని పిలిచారు. అబ్బాయిలు అందుకున్నారు. ఇబ్బందిగానే ఉండేది. మీ భయం ఉత్తదేమీ కాదు.

నిలువుగీత:
ఇదేనండీ నేను మొదటి నుంచీ మొత్తుకుంటున్నది. భూగోళం వేసినవాళ్లకు పేరు పెట్టలేదు చూడండి. పేరు పెట్టారంటే బొమ్మ తగలాల్సిన చోట తగిలింది. అయితే ఒకటి ఒప్పుకుంటాను. ఈ బొమ్మ క్లాసులో పుట్టింది, టీచర్ చెప్తే బూట్లు పెద్దవయ్యాయి. కాబట్టి క్లాసులో అసలు పుట్టదు అని నేనిక అనను.

పాతడ్రాయింగుమాస్టారు:
మార్కుల దగ్గరికి వద్దాం. నా లెక్క సులువు. ఇరవై అడుగుల దూరం నుంచి అర్థమవుతోందా? చిత్తు బొమ్మకూ చివరి బొమ్మకూ మధ్య ఏం మారింది, ఎందుకు మారింది? పిల్లాడు ఆ సమస్య గురించి ఎవరినైనా అడిగి తెలుసుకున్నాడా? ఈ మూడింటికే మార్కులు. అభిప్రాయానికి సున్నా కాదు, అసలు గడే లేదు. నాకు ఒళ్లుమండే అభిప్రాయం వేసినా, బొమ్మ బాగుంటే పదికి పది.

నిలువుగీత:
ఒళ్లుమండే అభిప్రాయానికి పదికి పది వేసిన మాస్టారిని నేనింతవరకు చూడలేదు. ఈ ఒక్క పనికి మార్కులే వద్దండీ. వేశాడా, వేశాడు. అయిపోయింది.

గోడమీదపిల్లి:
మార్కులు లేకపోతే సగంమంది ఆ పీరియడ్‌లో లెక్కల హోంవర్క్ చేసుకుంటారు. హైస్కూల్ అంటే మీకు తెలీనిదా?

కట్టర్‌బ్లేడు:
సిద్ధాంతం మీరు చూసుకోండి, నేను పని గురించి చెప్తా. తెలుగు అక్షరాలతో స్టెన్సిల్ అంటే తలనొప్పి. మనవన్నీ గుండ్రాలు. సున్నా కోశారంటే లోపలి ముక్క ఊడి కింద పడుతుంది, గోడ మీద నల్లటి ముద్ద మిగులుతుంది. 'ఠ', 'ర' లాంటివాటికీ అదే గతి. లోపలి ముక్కను బయటి అట్టతో కలుపుతూ సన్నటి వంతెనలు వదలాలి, మరీ సన్నగా వదిలితే రెండో అచ్చుకే చిరిగిపోతాయి. పిల్లలు అక్షరాలు తగ్గించి బొమ్మతోనే చెప్పడానికి ఇది మంచి సాకు. మాటలు లేని ఆ తలుపు బొమ్మ నాకు అందుకే నచ్చింది.

స్ప్రే డబ్బాలు వద్దు. మామూలు మాస్కు దుమ్మును ఆపుతుంది గానీ ఆ ఆవిరిని ఆపదు. నీళ్లలో కలిసే యాక్రిలిక్ రంగు, స్పాంజి ముక్క చాలు. స్పాంజిని ముంచాక బాగా పిండి, అద్దాలి. తుడిచినట్టు రాస్తే రంగు స్టెన్సిల్ కిందికి జారిపోతుంది.

కుంచెరంగు:
అందరికీ థాంక్స్. సుద్దముక్క గారి సంగతి చదివాక హెడ్మాస్టర్ గారి షరతును ఉన్నదున్నట్టు ఒప్పుకోలేను. ముందు చూపిస్తాం, సరే. కానీ ఏ కారణాలకు వద్దంటారో ముందే కాగితం మీద రాసుకుందాం. బూతులు, ఫలానా మనిషిని వేలెత్తి చూపడం, ఇలాంటివి. వేరే కారణమైతే అదేమిటో పిల్లలకు ఆయనే క్లాసుకొచ్చి చెప్పాలి. బొమ్మ చూసి సమస్య తీర్చేస్తే సంతోషం, ఆ తేదీ కింద రాసి బొమ్మ వేస్తాం. తీరింది కదా అని తీసేయడం ఉండదు.

నిలువుగీత:
ఆయన ఒప్పుకోకపోతే?

కుంచెరంగు:
గోడ వద్దంటాను. గేటు లోపల నేల మీద సుద్దతో వేయిస్తాను. వాన పడితే పోతుంది, పోనీ, మళ్లీ వేస్తారు. మార్కుల విషయంలో మాస్టారి మాటే వింటానేమో, ఇంకా ఊగుతున్నాను.

పదోతరగతిఅమ్మ:
ఆ కాగితంలో ఇంకో లైను రాయించండి. ఫొటోలు ఎవరు తీస్తారు, ఎక్కడ పెడతారు అన్నది. బొమ్మలు ఎన్నైనా పెట్టుకోండి, పక్కన పిల్లల మొహాలు వద్దు. అది ఒప్పుకుంటే మా వాడి స్కూల్లోనూ అడుగుతాను.